వెలిపాళెం నుంచి మధ్యకోట దాకా

వరంగల్లులో పడమర కోట, మధ్యకోట, తూర్పు కోట అని మూడు పేటలున్నాయి. కరెంటు బిల్లుల మీదా పెళ్ళి శుభలేఖల మీదా మామూలుగా అచ్చయ్యే పేర్లే. ఆ ఊరి వాళ్ళకి వీటిలో వింతేమీ ఉండదు. బయటినుంచి వెళ్ళినవాడు ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం ఒక పటం కనపడుతుంది. గోడ లోపల ఊరుంది, ఆ ఊరికి గోడే దిక్కులు చెబుతోంది. మనం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, తోరణం కింద ఫోటో దిగి, సాయంత్రానికి తిరిగొచ్చేసే ఖిలా వరంగల్ అదే. శిథిలాలు చూడ్డానికి వెళ్ళాం అనుకుంటాం గానీ, నిజానికి ఎవరో కాపురముంటున్న వాడకట్టులోంచి నడిచి వస్తాం.

నాది చిల్లకల్లు. హైదరాబాదు రోడ్డు మీద టోల్‌గేటు వల్ల నలుగురికీ తెలిసిన ఊరు. మా జగ్గయ్యపేట, నందిగామ వాళ్ళకి పడమరకి వెళ్తే హైదరాబాదు, తూర్పుకి వెళ్తే బెజవాడ. వరంగల్లు దారిలో తగిలేది కాదు, పని పెట్టుకుని వెళ్ళాల్సిందే. పైగా కాకతీయులంటే 'అవతలి వాళ్ళ' చరిత్ర అన్న భావం ఈమధ్య రెండువైపులా బాగా ముదిరింది. అలాంటప్పుడు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. కాకతీయ వంశం ఊసెత్తే తొలి ఆధారాల్లో ముఖ్యమైనది నందిగామ దగ్గరి మాగల్లు శాసనం. క్రీ. శ. 956 నాటిది. తూర్పు చాళుక్య దానార్ణవుడు, కాకతీయ గుండ్యన అనే సేనాని కోరిన మీదట, దొమ్మన అనే బ్రాహ్మణుడికి ఆ ఊరిని ఇచ్చాడని అందులో ఉంటుంది. మా ప్రాంతాన్ని అప్పట్లో నతవాడి అనేవాళ్ళు. తర్వాత రెండున్నర శతాబ్దాలకి గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ ఆ నతవాడి వంశానికే కోడలైంది. ఆవిడ తవ్వించిన బయ్యారం చెరువు దగ్గర వేయించిన శాసనం లేకపోతే కాకతీయుల మూలపురుషుల వరస మనకింత బాగా తెలిసేది కాదు. అంటే ఓరుగల్లు వాళ్ళకి మేం చుట్టాలమే. ఈ ధైర్యంతోనే నాలుగు మాటలు రాస్తున్నాను.

కోట ఆకారం అర్థం కావాలంటే ముందు ఫోన్లో ఉపగ్రహ చిత్రం తీసి చూడండి. కింద నిలబడితే తెలియనిది అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. లోపల రాతి గోడ, సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో ఒక వలయం. దాని బయట మట్టి కోట, దానికి సరిగ్గా రెట్టింపు, 2.4 కిలోమీటర్లు. రెండింటికీ నీళ్ళ కందకాలు. ఇంకా బయట హనుమకొండను కూడా కలుపుకుంటూ చాలా పెద్ద మట్టి కట్ట ఒకటి, దాని జాడలు అక్కడక్కడా మిగిలాయి. మధ్యబిందువు దగ్గర స్వయంభూ శివుడి గుడి. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. రాతి గోడను గణపతిదేవుడు (1199-1262) కట్టించాడనీ, రుద్రమదేవి ఎత్తు పెంచి మట్టి కోటను చేర్చిందనీ చెబుతారు. సున్నం లేకుండా గ్రానైటు దిమ్మల్ని ఒకదానిమీద ఒకటి పేర్చారు. లోపలివైపు గోడ పొడుగునా మెట్లున్నాయి, సైనికులు ఎక్కడినుంచైనా పైకి పరిగెత్తేలాగ.

ద్వారాల దగ్గర ఆగాలి. ఏ ద్వారంలోంచీ దారి తిన్నగా లోపలికి పోదు. ఒక వాకిట్లో దూరి, నాలుగువైపులా గోడలున్న ఆవరణలో పక్కకి తిరిగి, ఇంకో వాకిట్లోంచి బయటపడాలి. ఏనుగులు వేగంగా వచ్చి తలుపుల్ని గుద్దకుండా ఈ ఏర్పాటు. జార్జ్ మిచెల్ ఈ వలయాన్నీ, నాలుగు దిక్కులా వంకర తిరిగిన వాకిళ్ళనీ కలిపి చూసి, నగరం మొత్తాన్నీ స్వస్తిక వంటి విశ్వచిత్రంగా వ్యాఖ్యానించాడు. కావచ్చు. నేను చూసినప్పుడు ఆ మలుపులో ఒక ఆటో, గడ్డి మోపులున్న ట్రాలీ ఎదురుపడ్డాయి. ఎవరు వెనక్కి పోవాలన్న విషయం తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఏనుగుల్ని ఆపడానికి కట్టిన మలుపు ఇప్పటికీ తన పని తాను చేస్తోంది.

ఇంత గట్టి కోట గురించి శత్రువులే గొప్పగా రాశారు. 1310లో మాలిక్ కాఫర్ ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, మట్టి గోడ మీదికి యంత్రాలతో రాళ్ళు విసిరితే అవి పిల్లలాడుకునే కాయల్లాగా ఎగిరి వెనక్కి పడేవన్నాడు. ఆ మట్టిని తవ్విందెవరు, మోసిందెవరు, తొక్కి గట్టిపరిచిందెవరు అన్నది మాత్రం ఏ శాసనంలోనూ నాకు కనపడలేదు. చెరువు తవ్వించిన వాళ్ళ పేర్లే ఉంటాయి, తవ్విన వాళ్ళవి ఉండవు. ఇది కాకతీయులొక్కరి తప్పేం కాదు.

ఇక్కడే క్రీడాభిరామం మనకి అక్కరకొస్తుంది. వినుకొండ వల్లభరాయడి పేర ఉన్న ఈ చిన్న కావ్యం తెలుగులో మనకి దక్కిన తొలి వీథి రూపకం. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం దీనికి మూలమంటారు, అది ఇప్పుడు దొరకడం లేదు. కథ అంటూ పెద్దగా లేదు. గోవింద మంచన శర్మ అనే బ్రాహ్మణుడూ, టిట్టిభసెట్టి అనే కోమటి స్నేహితుడూ ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. పొద్దున మొదలై రాత్రికి ముగుస్తుంది. కోట బయటి పేట వెలిపాళెం నుంచి లోపలి దాకా, కనపడిన ప్రతిదాని మీదా ఏదో ఒకటి వ్యాఖ్యానిస్తారు. పని లేని ఇద్దరు మగవాళ్ళు బజార్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడుకుంటారు.

ఇది ఎవరు రాశారన్నదాని మీద బోలెడు గొడవ జరిగింది. మా జిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి, ఇది శ్రీనాథుడే రాసి వల్లభరాయడి పేర పెట్టాడని గట్టిగా వాదించారు. పద్యం నడకలో ఆ పోలిక ఉన్నమాట నిజమే. కానీ గొప్పగా ఉన్న ప్రతి చాటువునూ శ్రీనాథుడి ఖాతాలో వేయడం మనకి అలవాటు. నా మటుకు నాకు, వేరే ఆధారం గట్టిగా దొరికేదాకా, ప్రస్తావనలో ఉన్న పేరును నమ్మడమే న్యాయం అనిపిస్తుంది. ఈ వాదనలో పడి అసలు కావ్యంలో ఉన్న ఊరిని చాలాకాలం సరిగా చూడలేదు. చూసినవారిలో ముందు చెప్పుకోవలసింది సురవరం ప్రతాపరెడ్డిని. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన ఈ కావ్యాన్ని ఒక సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నించారు. ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడారు, ఎవరికి మొక్కారు?

తిండి సంగతి చూడండి. మిత్రులిద్దరికీ ఆకలేస్తుంది. లక్ష్మణవజ్ఝల వారి పూటకూళ్ళ ఇల్లు ప్రసిద్ధం. ఒక రూక ఇస్తే కర్పూరభోగి అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డకట్టిన కమ్మటి పెరుగు. ధరతో సహా చెప్పాడు. హోటల్ బయట బోర్డు మీద సుద్దతో రాసినట్టుంటుంది. మన కావ్యాల్లో భోజన వర్ణనలు చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం దేవుళ్ళవో రాజులవో పెళ్ళివారివో. డబ్బిచ్చి కొనుక్కుని తిన్న భోజనం అరుదు. డబ్బిచ్చి తినే ఇల్లు ఉందంటే, ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేని మనుషులు ఊళ్ళో రోజూ తిరుగుతున్నారని అర్థం. వర్తకులు, బేరగాళ్ళు, కచేరీ పనుల మీద వచ్చినవాళ్ళు. ఆ పద్యంలో 'రాజధాని' అన్న మాట ఉండదు. అయినా రాజధాని అంటే ఏమిటో ఆ ఒక్క రూకతో తెలిసిపోతుంది.

తర్వాత కోడి పందెం, పొట్టేళ్ళ పోరు. కోళ్ళ యుద్ధాన్ని భారత యుద్ధం లెవెల్లో నడిపిస్తాడు. సంక్రాంతికి మా కృష్ణా జిల్లా బరుల దగ్గర మైకులో వ్యాఖ్యానం విన్నవాళ్ళకి ఈ వెటకారపు గంభీరం కొత్తగా అనిపించదు. ఇంకోచోట పల్నాటి వీరుల కథని వాద్యాల మధ్య ఒక స్త్రీ పాడుతుంటే జనం ఊగిపోతూ వింటుంటారు. పల్నాటి కథ అప్పటికే ఓరుగల్లు వీధి కథ అయిపోయిందన్నమాట. కృష్ణకి అవతలి గొడవ, ఇవతల పాటగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏకవీర కొలుపులున్నాయి, మైలారుదేవుడి భటుల ఒళ్ళు గగుర్పొడిచే సాహసాలున్నాయి. ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచల్దేవి ఇంట్లో చిత్రశాల ఉంది, గోడల మీది బొమ్మల్ని ఒక్కొక్కటీ చూసి మరీ చెబుతారు.

దీన్నంతా ఉన్నదున్నట్టు రాసిన రిపోర్టు అనుకోవచ్చా? ఇక్కడ నాకు సురవరం వారితో చిన్న పేచీ ఉంది. కావ్యంలో ఓరుగల్లు ప్రతాపరుద్రుడి నాటిది. కవి రాసేది పద్నాలుగో శతాబ్దం చివరో, పదిహేనో శతాబ్దం మొదలో. మధ్యలో 1323 ఉంది.

ఆ సంవత్సరం సంగతి క్లుప్తంగా. ఢిల్లీ సైన్యాలు అంతకుముందే నాలుగైదుసార్లు వచ్చాయి. 1303లో ఉత్తచేతులతో పోయాయి, 1310లో ఏనుగులూ గుర్రాలూ సొమ్మూ పట్టుకుపోయాయి. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాతి మహమ్మద్ బిన్ తుగ్లక్, కోటను పూర్తిగా పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీ పోతూ నర్మద ఒడ్డున పోయాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. మధ్యలోని స్వయంభూ దేవాలయం నేలమట్టమైంది. గుడి నాలుగు వైపులా ఉన్న నాలుగు తోరణాలు మాత్రం నిలబడే ఉన్నాయి. వాటి మీద దేవుళ్ళ బొమ్మలు లేవు కాబట్టి వదిలేశారని గైడ్లు చెబుతారు. కొత్త పాలకులకి కూడా మధ్యలో ఒక గంభీరమైన ఆవరణ పనికొచ్చింది కాబట్టి అట్టేపెట్టుకున్నారన్న చరిత్రకారుల మాట నాకు ఎక్కువ నచ్చింది. తోరణాలకి కొంచెం పడమరగా తుగ్లక్‌ల పద్ధతిలో, గోడలు లోపలికి వాలుతూ, ఖుష్ మహల్ అనే దర్బారు హాలు లేచింది. పదమూడేళ్ళు తిరక్కుండా ముసునూరి నాయకులు ఊరిని తిరిగి తీసుకున్నారు. కాపయ నాయకుడు 1368లో చనిపోయాక రాచకొండ వెలమలు, ఆ తర్వాత బహమనీలు. 1504లో షితాబ్ ఖాన్ అనే తెలుగు నాయకుడు, సీతాపతి అని మనవాళ్ళంటారు, ఓరుగల్లు తన చేతికొచ్చిందనీ పడిపోయిన దేవతని మళ్ళీ నిలబెట్టాననీ శాసనం వేయించుకున్నాడు. ఒక ఊరికి ఇన్ని చేతులు మారడం మన వైపు అరుదేం కాదు.

అంటే వల్లభరాయడు ఓరుగల్లు గురించి రాసేటప్పటికి ఆ ఓరుగల్లు లేదు. మాచల్దేవి లేదు. గుడి లేదు. రాజధాని కాని ఊళ్ళో పూటకూళ్ళ బేరం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో తెచ్చిన ఇంగ్లీషు అనువాదంతో పాటు ఫిలిప్ వాగొనర్ వ్యాసం ఒకటి ఉంది. ఆయన ఈ కావ్యంలోని నగరాన్ని లోకమంతటినీ కుదించి చూపే నమూనాగా చదివాడు. సురవరం వారు జనజీవితం చూసినచోట వాగొనర్ ఒక ఊహాచిత్రం చూశాడు. ఇద్దరివీ సగం సగం నిజాలే అనిపిస్తుంది నాకు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఊహలోంచే ఒక మహానగరాన్ని కట్టదలుచుకున్న కవి గుప్పెడు పంచదార లెక్క చెప్పడు. పెద్దవాళ్ళ నోట విన్న జ్ఞాపకాల్లోంచి కట్టేవాడికి మాత్రం ఆ గుప్పెడే ముందు గుర్తొస్తుంది. వలస వెళ్ళిన కుటుంబాల్లో వదిలేసి వచ్చిన ఊరి గురించి ఎలా చెప్పుకుంటారో మీరు వినే ఉంటారు. రాజెవరో చెప్పరు, ఏ సందులో ఏది దొరికేదో చెబుతారు. క్రీడాభిరామాన్ని అలా, పోయిన ఊరిని మళ్ళీ ఒకసారి తిరిగి రావడంగా చదివితే దాని అల్లరి కూడా వేరేగా వినపడుతుంది. వల్లభరాయడి ఉద్దేశం అదేనని నిరూపించలేను. కావ్యంలో ఎక్కడా దుఃఖం లేకపోవడమే నాకు అనుమానంగా ఉంది. 1323ని కావ్యం తలుచుకోను కూడా తలుచుకోదు.

దాని లోపాలు కూడా చెప్పాలి. మంచన శర్మ కళ్ళకి ఆడవాళ్ళు వీధిలో ప్రదర్శనకి పెట్టిన వస్తువులు. ఎవరి ఒంపుసొంపులు ఎలా ఉన్నాయో, ఏ కులం స్త్రీ ఎలా నడుస్తుందో తప్ప, వాళ్ళు ఏం అనుకుంటున్నారో ఒక్కచోట కూడా ఉండదు. పూటకూటి ఇంట్లో రూక తీసుకోవడం ఉంది, పొయ్యి దగ్గర చెమటలు కక్కిన మనిషి లేదు. కోట గోడ ఉంది, మట్టి తట్ట లేదు. శాసనాలు రాజుల్ని మాత్రమే చూస్తే, ఈ కావ్యం తీరుబడి ఉన్న మగవాడు చూసినంత చూసింది. ముందటికంటే చాలా నయం, అంతే.

కోట మాత్రం ఖాళీ అవలేదు. కింది పేటలు, మట్టెవాడ, గిర్మాజీపేట వైపు వ్యాపారం జరిగిపోయింది. రైలొచ్చింది, 1934లో అజంజాహి మిల్లు వచ్చింది, నగరం ఉత్తరానికీ పడమరకీ పెరిగింది. రాతి వలయం లోపల మాత్రం పొలాలు, కుంటలు, పెంకుటిళ్ళు మిగిలాయి. రాజధాని నడిబొడ్డు పల్లెటూరైంది. ఇలా కావడం వల్లే రెండు వలయాలూ ఇవాళ్టికీ ఉపగ్రహ చిత్రంలో అంత స్పష్టంగా కనపడుతున్నాయని నా నమ్మకం. బజారు గనక అక్కడే ఉండిపోయి ఉంటే ఆ రాళ్ళన్నీ ఎప్పుడో షాపుల పునాదుల్లోకి పోయేవి.

నగరం పటం మాత్రం వేరేచోట మళ్ళీ మొలిచింది. రిచర్డ్ ఈటన్, వాగొనర్ కలిసి 2014లో రాసిన పుస్తకంలో, హైదరాబాదు చార్‌కమాన్ వెనక ఓరుగల్లు తోరణాల జ్ఞాపకం ఉందని వాదించారు. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, మధ్యలో ఖాళీ. కుతుబ్‌షాహీలు తమని తెలుగునేల వారసులుగా చూసుకున్నారన్నది వాళ్ళ మాట. అదే 2014లో ఏర్పడ్డ తెలంగాణ రాష్ట్రం తన ముద్రలో తోరణాన్నీ చార్మినార్‌నీ కలిపి పెట్టుకుంది. 2024లో ఆ ముద్రని మారుద్దామన్నప్పుడు పెద్ద రగడ అయింది. అది రాచరికపు గుర్తు అని ఒకరు, మా అస్తిత్వం అని ఇంకొకరు. టీవీలో ఆ చర్చలు చూస్తున్నంతసేపూ, తోరణానికి వంద గజాల్లో కాపురముంటున్నవాళ్ళని కూడా ఒక్కసారి పిలిస్తే బాగుండుననిపించింది.

ఎందుకంటే వాళ్ళ చిక్కు ముద్రకి సంబంధించింది కాదు. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ పైన రెండొందల మీటర్ల దాకా అనుమతి కావాలి. చట్టం మంచిదే. అది లేకపోతే రాతి గోడ పక్కన ఈపాటికి అపార్టుమెంట్లు లేచేవి. కానీ ఎక్కడో మైదానంలో ఒంటరిగా ఉన్న గుడికి గీసిన కొలతని, గోడా గుడీ తోరణమూ మహలూ అన్నీ ఊళ్ళోనే కలిసిపోయిన చోట వేస్తే, ఊరంతా గీత లోపలే పడుతుంది. మధ్యకోటలో మాట కలిసిన ఒక పెద్దావిడ, కొడుకు పెళ్ళికి మేడ మీద ఒక గది వేసుకుందామంటే కుదరలేదని చెప్పింది. కోపంగా కూడా చెప్పలేదు, ఎండలు ఎక్కువయ్యాయని చెప్పినట్టు చెప్పింది. "మేం ఈడ్నే పుట్టినం గని, ఆ రాళ్ళు మాకంటే ముందు పుట్టినయి గద" అంది.

శిథిలాల్ని కాపాడాలంటే మనుషుల్ని తరలించాలనే వాళ్ళున్నారు. బొమ్మల్లో బావుంటుంది, పచ్చిక మధ్యలో నల్లటి తోరణాలు. కానీ అప్పుడు మిగిలేది 1323 మర్నాటి ఓరుగల్లు. క్రీడాభిరామంలో ఉన్న ఓరుగల్లుకి దగ్గరగా ఉన్నది, ఆ వంకర వాకిట్లో ఆటోవాడు ట్రాలీవాడిని తిట్టడమే. చట్టంలో ఇలాంటి బతికున్న కోటలకి వేరే కొలత ఉండాలి. ఎత్తెంత, రంగేమిటి, పునాది లోతెంత అని నియమాలు పెట్టి ఇళ్ళని ఉండనివ్వాలి. లోపలివాళ్ళనే కాపలాదార్లుగా చేసుకోవాలి. నేను పురావస్తు శాస్త్రం చదివినవాడిని కాదు, ప్రోగ్రాములు రాసుకునేవాడిని. నడుస్తున్న సిస్టమ్‌ని ఆపకుండా బాగుచేయడం కష్టమని మాత్రం తెలుసు. అసాధ్యం కాదని కూడా తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం తోరణాల దగ్గరినుంచి బయటికొచ్చి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు చూపించారు. అన్నం, పప్పు, ఒక వేపుడు, చారు, పెరుగు. వడ్డించినామె పెరుగు గరిటెడు ఎక్కువే వేసింది. లక్ష్మణవజ్ఝల వారిల్లు ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేరు గానీ, ఎక్కడున్నా ఆ బల్ల నుంచి అరగంట నడకలోపే ఉండి ఉంటుంది.